తొలి గడ్డమంచుకు ముందు పూయవలసిన మడి

2022 అక్టోబరు 9

న్యూజెర్సీ మధ్యభాగంలో, ఎడిసన్ పట్టణానికి అరగంట దూరంలో ఉన్న మా ఇంటి పెరట్లో ఈ ఉదయం పూసి ఉన్నది ఒక కుండీలోని ముద్దబంతి మాత్రమే. మన ఊళ్లలో వాసాలను తొలిచే తుమ్మెదంత పెద్దదైన, తేనెటీగల చుట్టమైన బంబుల్‌బీ ఒకటి దాని రేకల మధ్య తల దూర్చి, ఏమీ దొరకక పక్క పువ్వుకు పాకి, అక్కడా ఏమీ దొరకక చాలాసేపు తచ్చాడింది. రేకల మీద రేకలు వచ్చేలా పెంచిన ముద్దబంతిలో మకరందం, పుప్పొడి ఉండవలసిన నడిమి పూలు చాలావరకు రేకలుగానే మారిపోయి ఉంటాయి కనుక, కంటికి అంత నిండుగా కనిపించే పువ్వు ఆ ఈగకు దాదాపు ఖాళీ గిన్నె.

వచ్చినది రాణి ఈగ అని దాని పరిమాణమే చెబుతున్నది. బంబుల్‌బీల గూడు ఒక్క ఏడాదే నిలుస్తుంది. చలి ముదిరేసరికి పాత రాణి, శ్రామిక ఈగలు, మగ ఈగలు అన్నీ చనిపోగా, వేసవి చివర పుట్టి జతకట్టిన కొత్త రాణులు మాత్రమే మట్టిలో చిన్న గుంట చేసుకొని వసంతం దాకా నిద్రపోతాయి. ఆ నిద్రకు కావలసిన కొవ్వును అవి సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో తాగిన మకరందం నుంచే కూడబెట్టుకోవాలి. ఇదే వారాల్లో మోనార్క్ సీతాకోకచిలుకలు మా ఇంటి మీదుగా మెక్సికో కొండల్లోని ఫర్ చెట్ల అడవులకు పోతుంటాయి. అవి చలికాలం గడిపే చోటు ఎక్కడున్నదో శాస్త్రవేత్తలకు 1975 జనవరి దాకా తెలియలేదు. మూడు వేల కిలోమీటర్లకు మించిన ఆ ప్రయాణానికీ, అక్కడ గడపవలసిన నెలలకూ వాటి దగ్గర ఉండే ఇంధనం దారిలో దొరికిన పూలే.

మా పెరటి పంచాంగం మాత్రం వేరుగా నడుస్తున్నది. ఏప్రిల్‌లో డాఫొడిల్, మేలో అజేలియా, జూన్‌లో గులాబీ, జులైలో హైడ్రాంజియా పూస్తాయి, ఆగస్టు నుంచి పచ్చదనం తప్ప మరేమీ ఉండదు. దీనికి కారణం మా అభిరుచి కంటే మా కొనుగోలు అలవాటే అనుకుంటున్నాను. అందరమూ మే నెలలోనే నర్సరీకి వెళతాము, ఆ రోజు పూసి ఉన్న కుండీనే బండిలో పెట్టుకుంటాము. సెప్టెంబరులో పూసే మొక్క మే నెలలో ఒట్టి ఆకుల దుబ్బు, దాన్ని ఎవరూ చూడరు.

కనుక వెనుక కంచె వెంబడి నలభై అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు గల పచ్చిక చారను తీసివేసి, ఈ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన నాలుగు బహువార్షిక మొక్కలను పెట్టాలని నిర్ణయించుకున్నాను: జో పై వీడ్, న్యూయార్క్ ఐరన్‌వీడ్, షోయీ గోల్డెన్‌రాడ్, న్యూ ఇంగ్లండ్ ఆస్టర్. నాలుగూ మనిషి ఎత్తుకు అటూ ఇటూగా పెరిగేవే. జులై చివర మొదలుపెట్టి అక్టోబరు మధ్య దాకా ఒకదాని తరువాత ఒకటి పూయాలన్నది లెక్క.

2022 నవంబరు 20

గడ్డిని తవ్వలేదు. దాని మీద అట్టపెట్టెలు పరిచి, తడిపి, పైన జానెడు మందాన రాలిన ఆకులు కప్పాను. వసంతానికి కింద గడ్డి చచ్చి, అట్ట మెత్తబడుతుంది. రట్గర్స్ విశ్వవిద్యాలయపు ప్రయోగశాలకు మట్టి నమూనా పంపాను. ఇక్కడి నేల ఎర్ర షేల్ రాయి చివికి ఏర్పడిన బంకమట్టి. రంగు చూస్తే మా కరీంనగర్ చెల్క గుర్తుకొస్తుంది గానీ, తడిసినప్పుడు పారకు అంటుకొనే తీరు చెల్కది కాదు. ఎరువు వేయకూడదని నిశ్చయించుకున్నాను. ఇవి బీడు భూముల్లో, వాగుల ఒడ్డున, పక్క మొక్కలతో పోటీపడుతూ పెరిగే జాతులు, బలమైన నేలలో పెడితే కాండం మెత్తగా సాగి పడిపోతుంది.

2023 జనవరి 14, భోగి

ఇక్కడి శీతాకాలాన్ని దాటనిదే ఈ విత్తనాలు సరిగ్గా మొలవవు. శరత్తులో రాలిన గింజ వెంటనే మొలిస్తే డిసెంబరు మంచుకు చస్తుంది కనుక, రెండు మూడు నెలలు తడి చలి తగిలితేనే మేలుకొనే ఏర్పాటు వాటిలోనే ఉన్నది. ఫ్రిజ్‌లో తడి ఇసుకలో పెట్టి ఈ పని చేయవచ్చు గానీ, ఆవకాయ జాడీ పక్కన బూజు పట్టే సంచులు నాకు ఇష్టం లేక, ఇక్కడివారు చేసే పాల డబ్బా పద్ధతిని ఎంచుకున్నాను. గ్యాలన్ డబ్బాను పిడి కింద చుట్టూ కోసి, ఒకవైపు మాత్రం మూత తెరుచుకొనేలా వదిలి, అడుగున రంధ్రాలు పెట్టి, నాలుగు అంగుళాల మట్టి నింపి, విత్తి, టేపు చుట్టి, పైమూత తీసేసి ఆరుబయట పెట్టాలి. వానా మంచూ నోటి గుండా లోపలికి పోతాయి. కాపలా అక్కరలేదు.

ఆస్టర్, జో పై గింజలకు మొలవడానికి వెలుతురు కావాలి కనుక పైన చల్లి అరచేత్తో అదిమానే తప్ప మట్టి కప్పలేదు. ఐరన్‌వీడ్ విత్తనాల్లో తాలు ఎక్కువ, అందువల్ల మూడింతలు ఒత్తుగా చల్లాను. దీనితో మనకు పాత చుట్టరికం ఉన్నది. మన పొలం గట్ల మీద మోకాలెత్తున ఊదా పూలు పూసే సహదేవిని ఇటీవలి దాకా శాస్త్రజ్ఞులు ఈ ఐరన్‌వీడ్ ఉన్న వెర్నోనియా ప్రజాతిలోనే లెక్కించేవారు. పిండి వంటల మధ్య పన్నెండు డబ్బాలు వరండా మెట్ల పక్కన వరుసగా పెట్టాను, పొరుగింటివారు చెత్త అనుకొని ఉంటారు.

2023 మే 21

ఏప్రిల్ రెండో వారంలో ఆస్టర్లు, తరువాత గోల్డెన్‌రాడ్, జో పై మొలిచాయి. ఐరన్‌వీడ్ మూడు డబ్బాల్లో కలిపి పద్నాలుగు మొలకలు. పల్లపు చోట, వాన నీరు నిలిచే మూలన జో పై, ఐరన్‌వీడ్‌లకు పాదులు తీశాను. ఎగువన, ఎండ ఎక్కువగా ఉండేచోట గోల్డెన్‌రాడ్, ఆస్టర్ పెట్టాను. రెండు రాత్రుల్లో కుందేళ్లు ఆస్టర్లను నేలమట్టం చేశాయి. మిగిలినవాటికి ఒక్కొక్కదానికి ఇనుప జాలి గూడు చుట్టాను. ఐరన్‌వీడ్ జోలికి కుందేలు గానీ జింక గానీ పోలేదు, ఆకు చేదు.

గోల్డెన్‌రాడ్ నారు తక్కువ పడిందని ఒక మొక్కల సంతలో షోయీ గోల్డెన్‌రాడ్ అని చీటీ ఉన్న కుండీలు ఆరు కొన్నాను.

2023 సెప్టెంబరు 17

తొలి ఏడు నాలుగైదు ఆస్టర్లు తప్ప ఏవీ పూయలేదు. విత్తనం నుంచి వచ్చిన ఈ మొక్కలు మొదటి ఏడాది వేరు మీదే పని చేస్తాయని తెలిసీ నిరాశ కలిగింది.

సంతలో కొన్న ఆరు మొక్కలు మాత్రం పూశాయి, అయితే అవి షోయీ కావు. షోయీ గోల్డెన్‌రాడ్ కాండం ఎర్రగా ఉండి, పూత నిటారుగా కంకిలా నిలుస్తుంది. వీటి పూత ఒకవైపుకు వంగిన కుచ్చులా ఉన్నది, ఆకుకు మూడు ఈనెలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఇది కెనడా గోల్డెన్‌రాడ్, లేదా దాని అతి దగ్గరి బంధువు. ఇదీ ఇక్కడి మొక్కే, ఈగలకు ఇదీ మంచిదే, కానీ భూమి లోపల తీగల్లా పాకే వేళ్లతో ఏటా నాలుగు దిక్కులా పిలకలు వేసి చిన్న మడిని మింగేస్తుంది. ఇప్పటికే పాదు చుట్టూ మూరెడు దూరంలో పిలకలు తేలాయి. పీకేయాలని పార తెచ్చి, దాని మీద ఈగలను చూసి, పూత అయ్యాక పీకుదామని వెనుదిరిగాను. తోటపనిలో ఇటువంటి వాయిదాకు ఏమి మూల్యం చెల్లించాలో వచ్చే ఏడు తెలుస్తుంది.

2024 మే 26

రెండో ఏడు మొక్కలు గుబురుగా లేచాయి. ఎత్తైన మొక్కలతో ఉన్న అసలు చిక్కు ఇప్పుడు మొదలవుతుంది. న్యూ ఇంగ్లండ్ ఆస్టర్ అయిదడుగులు దాటితే కింది ఆకులు ఎండి కాళ్లు బోసిపోతాయి, తల బరువుకు మొత్తం పక్కకు ఒరుగుతుంది. ఊత కర్రలు కట్టవచ్చు గానీ, నలభై అడుగుల మడికి కర్రలు కడితే అది తోటలా కాక పందిరి వేసే పనిలా ఉంటుంది.

ఇంగ్లండ్ తోటమాలులు మే చివర, చెల్సీ పూల ప్రదర్శన జరిగే రోజుల్లో, ఇటువంటి మొక్కల తలలు కోసేస్తారు. మన పత్తి రైతు తలలు తుంచడం వెనుక ఉన్న సూత్రమే ఇది. కొన చిగురును తీసేస్తే అది కింది కణుపుల మొగ్గలను అణచి ఉంచే శక్తి పోయి, పక్క కొమ్మలు లేస్తాయి. మొక్క పొట్టిగా, గుబురుగా తయారై, కొత్త కొమ్మలు పెరగడానికి పట్టినంత కాలం పూత వెనక్కి జరుగుతుంది. చాలామంది ఎత్తు తగ్గించుకోవడానికే ఈ పని చేస్తారు. నాకు మాత్రం ఆ వెనక్కి జరిగే రోజులే కావాలి. అన్ని ఆస్టర్లూ ఒకేసారి పూసి సెప్టెంబరు చివరికే అయిపోతే, అక్టోబరు రాణి ఈగకు మళ్లీ ముద్దబంతే మిగులుతుంది.

అందుకని పదహారు ఆస్టర్లలో ఎనిమిదింటిని ఈ రోజు సగానికి కోశాను, మిగిలిన ఎనిమిదింటిని ముట్టుకోలేదు. జో పైలో ముందు వరుసను మూడోవంతు కోశాను. ఐరన్‌వీడ్ కాండం పేరుకు తగ్గట్టు ఇనుప చువ్వే కనుక దానికి ఈ వైద్యం అక్కరలేదు. జులై మొదటి వారం దాటాక కత్తెర పట్టకూడదు, మొగ్గ కట్టే సమయం మొదలవుతుంది.

2024 జులై 7

పట్టణ కార్యాలయం నుంచి నోటీసు వచ్చింది. ఇంటి ఆవరణలో పది అంగుళాలు దాటిన కలుపు ఉండరాదని నిబంధన అట. నా ఐరన్‌వీడ్ అప్పటికి అయిదడుగులు. ఆంగ్లంలో ఈ మొక్కల పేర్లలోనే వీడ్ అన్న మాట ఉండటం ఇటువంటి వాదనలో మనకు ఏమీ మేలు చేయదు.

కోపంతో రాసిన జవాబును చించేసి, మరుసటి రోజు వేరే పని చేశాను. మడి ముందు అంచున రెండడుగుల వెడల్పు పచ్చికను నున్నగా కత్తిరించాను, ఇటుకల గట్టు పేర్చాను, ప్రతి దుబ్బు దగ్గరా పేరు రాసిన చెక్క పలక నాటాను, మొక్కల పట్టికను, నాటిన తేదీలను జతచేసి కార్యాలయానికి పంపాను. మనిషి కావాలని పెంచుతున్నాడన్న ఆనవాలు కనబడితే అదే మొక్క కలుపు నుంచి తోటగా మారిపోతుంది. తనిఖీకి వచ్చిన ఉద్యోగి పలకలన్నీ చదివి, జో పై ఎవరని అడిగారు. మసాచుసెట్స్‌లోని స్టాక్‌బ్రిడ్జ్‌లో నివసించిన మోహికన్ తెగ నాయకుడని చెప్పాను. నోటీసు అక్కడితో ఆగింది.

ఎడిసన్ పట్టణపు పేరు వెనుక ఉన్న మనిషికి కూడా ఈ కలుపు మీద మక్కువ ఉండేదని ఆయనకు చెప్పడం మరిచాను. థామస్ ఎడిసన్ 1920ల చివర, ఆగ్నేయాసియా రబ్బరు మీద అమెరికా ఆధారపడకూడదని, వేలాది మొక్కలను పరీక్షించి చివరకు గోల్డెన్‌రాడ్ ఆకుల నుంచి రబ్బరు తీసే ప్రయత్నంలో పడ్డారు. ఎంపిక చేసి పెంచుతూ పన్నెండడుగుల ఎత్తు మొక్కలను తయారు చేశారు. 1931లో ఆయన మరణించే నాటికి అది వ్యాపారం కాలేదు.

2024 ఆగస్టు 11

జో పై విరగబూసింది. గులాబీ, ఊదా కలిసిన పళ్లేలంత పూగుత్తుల మీద పసుపు స్వాలోటెయిల్ సీతాకోకచిలుకలు ఒక్కొక్క గుత్తికి మూడేసి వాలుతున్నాయి. శుక్రవారం నాటి గాలివానకు వెనుక వరుసలో కోయని జో పై రెండు కాండాలు విరిగాయి, లోపల అంతా వెదురు బొంగులా డొల్ల. కోయని ఆస్టర్లలో అయిదు పక్కకు ఒరిగాయి. కోసినవి మూడడుగుల ఎత్తున, తొట్టిలో పెట్టినట్టు నిలబడ్డాయి.

2024 ఆగస్టు 25

తెల్లవారుజామున ఆరింటికి నీళ్లు పెట్టడానికి వెళ్లి, ఐరన్‌వీడ్ ఊదా పూల మీద పొడవాటి మీసాలున్న చిన్న ఈగలు కదలకుండా ఉండటం చూశాను. చచ్చాయనుకున్నాను. అవి నిద్రపోతున్న మగ ఈగలు. ఈ మెలిస్సోడెస్ ప్రజాతిలో ఆడ ఈగలు నేలలో తవ్విన గూళ్లలో రాత్రి గడుపుతాయి. ఇల్లు లేని మగవి పూలను, కాడలను కరచుకొని అలాగే నిద్రపోతాయి. వాటిలో ఒక జాతి పిల్లల కోసం దాదాపు ఐరన్‌వీడ్ పుప్పొడినే సేకరిస్తుంది. అంటే పద్నాలుగు మొలకల్లో బతికిన ఈ పదకొండు మొక్కలు ఆ ఈగకు పెళ్లిమంటపమూ పడకగదీ వంటిల్లూ అన్నమాట. ఎనిమిది దాటి ఎండ తగిలాక ఒక్కొక్కటే మీసాలు తుడుచుకొని ఎగిరిపోయాయి.

2024 సెప్టెంబరు 15

షోయీ గోల్డెన్‌రాడ్ ఈ ఏడు మొదటిసారి పూసింది. మడిలో కీటకాల రకాలు అత్యధికంగా ఉన్నది ఈ రోజే: బంబుల్‌బీలు, పెంపుడు తేనెటీగలు, కందిరీగలు, నలుపు పసుపు చారల పురుగులు, పేర్లు తెలియని ఆకుపచ్చ ఈగలు.

మే నెలలో కరీంనగర్ నుంచి వచ్చిన మా అత్తమ్మకు పది రోజులుగా తుమ్ములు ఆగడం లేదు. పసుపు పూల వల్లనే అని పొరుగింటి ఆవిడ తేల్చారు. ఇది దేశమంతటా ఉన్న అపోహ. గోల్డెన్‌రాడ్ పుప్పొడి బరువైనది, జిగటైనది, దాన్ని ఈగ మోసుకుపోవాలే తప్ప గాలికి లేవదు. దోషి అదే సమయంలో రోడ్ల పక్కన ఎవరి కంటా పడకుండా ఆకుపచ్చగా పూసే రాగ్‌వీడ్, అది గాలికి పుప్పొడిని వదులుతుంది. మన దగ్గర వయ్యారిభామ అంటే తెలియనివారు లేరు, రాగ్‌వీడ్ దానికి దగ్గరి చుట్టమే అని చెప్పగానే అత్తమ్మకు మరో వివరణ అవసరం లేకపోయింది.

2024 అక్టోబరు 2, ఎంగిలిపూల బతుకమ్మ

నిన్నటి నుంచి ఇంట్లో చర్చ ఒక్కటే. బతుకమ్మకు తంగేడు లేదు, గునుగు లేదు, కట్లపూలు లేవు, పెరట్లో మాత్రం కోయకుండా దాచిన పూలు ఉన్నాయి. అంగడిలో కొన్న చామంతితో బతుకమ్మ పేర్చి, ఇంటి పూలను ఈగలకు వదలడం అత్తమ్మకు ఎంతమాత్రం అర్థం కాని ధర్మం. నిజానికి వాదన ఆమె వైపే బలంగా ఉన్నది, ఆ ఋతువులో ఊరి చుట్టూ తానుగా పూసిన పూలతోనే కదా బతుకమ్మను పేర్చేది.

ఆమె తెల్లవారకముందే బుట్ట పట్టుకొని లేచారు. మన ఊళ్లో అలాగే చేస్తారు. ఆ వేళకు ఆస్టర్ల మీద చలికి బిగుసుకుపోయిన బంబుల్‌బీలు పడుకొని ఉంటాయని చెప్పి, తొమ్మిది దాకా ఆపాను. ఆపై ఆమెను కెనడా గోల్డెన్‌రాడ్ దగ్గరకు తీసుకెళ్లాను. పోయిన ఏడు పీకని ఆ ఆరు మొక్కలు ఇప్పుడు మంచమంత చోటు ఆక్రమించాయి. ఎంతైనా కోసుకోండి అన్నాను. ఆమె ఒక కాడ వంచి, వాసన చూసి, "తంగేడు లెక్కనే మెరుస్తున్నది గని, తంగేడు కాదు బిడ్డా" అని, బుట్ట నింపారు. నా మాట కాదని నాలుగు ఆస్టర్ కొమ్మలు కూడా తెంపారు. సాయంత్రం బతుకమ్మ పేర్చేసరికి ఆస్టర్ల ఊదా రేకలన్నీ లోపలికి ముడుచుకున్నాయి. ఈ పువ్వు రాత్రయితే ముడుచుకుంటుంది, కోస్తే కొద్ది గంటల్లోనే ముడుచుకుంటుంది. ఇక దాన్ని ముట్టుకోనని ఆమే చెప్పారు.

గోల్డెన్‌రాడ్ విత్తనం కట్టకముందే కాడలు కోయడం వల్ల ఆ మూలన మొలకల బెడదా తగ్గుతుంది. వేళ్లను పార అంచుతో ఏటా ఒకసారి చుట్టూ నరికితే చాలు. పీకే ఆలోచన మానుకున్నాను.

2024 నవంబరు 17

సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వాన దాదాపు కురవలేదు. రాష్ట్ర చరిత్రలోనే ఇంత పొడి అక్టోబరు లేదు, నాలుగు రోజుల క్రితం న్యూజెర్సీ అంతటికీ కరువు హెచ్చరిక ప్రకటించారు. జో పై ఆకులు సెప్టెంబరులోనే అంచులు మాడాయి, వారానికి రెండుసార్లు బిందెలతో నీరు పోసి కాపాడాను. ఆస్టర్ కింది ఆకులకు బూడిద తెగులు పట్టింది, మందు కొట్టలేదు. ఐరన్‌వీడ్, గోల్డెన్‌రాడ్‌లకు కరువు సంగతే తెలిసినట్టు లేదు.

కత్తెర పరీక్ష ఫలితం ఇక్కడ రాస్తున్నాను. కోయని ఆస్టర్లు సెప్టెంబరు 17న పూత మొదలుపెట్టి, అక్టోబరు 6కల్లా గోధుమరంగుకు తిరిగాయి. కోసినవి సెప్టెంబరు 30న విచ్చుకొని, తొలి గడ్డమంచు పడిన అక్టోబరు మూడో వారం దాకా నిలిచాయి. రేకలు ఒకవైపు వడలినా నడుమ పసుపు బొడ్డు తెరిచే ఉన్నది, మధ్యాహ్నపు ఎండకు రాణి ఈగలు వచ్చాయి. అక్టోబరు 13న ఒకే దుబ్బు మీద అయిదు రాణులను, రెండు మోనార్కులను చూశాను. రెండేళ్ల క్రితం ఇదే వారంలో ముద్దబంతి మీద తచ్చాడినదాన్ని చూసి మొదలుపెట్టిన పని కనుక, ఆ మధ్యాహ్నం వేరే పని ఏదీ ముట్టుకోలేదు.

కాండాలను కోయలేదు, ఆకులు ఊడ్చలేదు. మా వారికి ఇది బద్ధకంగా కనిపిస్తున్నది.

2025 ఏప్రిల్ 13

ఎండిన కాండాలను నేల నుంచి మూరెడు ఎత్తు వదిలి కోశాను. తెగిన కొనల గుండా సెరటినా అనే చిన్న ఈగలు లోపలి బెండును తొలిచి గూళ్లు పెడతాయి. కొత్త చిగుళ్లు జూన్‌కల్లా ఈ మోడులను కప్పేస్తాయి. కోసిన పైభాగాలను కట్టలుగా కట్టి కంచె వెనుక నిలబెట్టాను. జో పై దుబ్బులను రెండుగా చీల్చి, సగం పక్క వీధిలోని స్నేహితురాలికి ఇచ్చాను, కెనడా గోల్డెన్‌రాడ్ అడిగితే మాత్రం ఇవ్వలేదు.

2025 సెప్టెంబరు 21, ఎంగిలిపూల బతుకమ్మ

ఈ ఏడు అమావాస్య పదకొండు రోజులు ముందుకు వచ్చింది, మడి మాత్రం తన లెక్క తాను చూసుకుంటున్నది. గోల్డెన్‌రాడ్ నిండుగా ఉన్నది, కోయని ఆస్టర్లు ఇప్పుడిప్పుడే కన్ను తెరుస్తున్నాయి, మేలో సగానికి, జూన్ చివర మరొకసారి చిగుళ్లకు కత్తెర వేసిన నాలుగు దుబ్బులు గట్టి ఆకుపచ్చ మొగ్గలోనే ఉన్నాయి. వాటి పూత అక్టోబరు రెండో వారానికి జరుగుతుందా, లేక మొగ్గలోనే మంచుకు చిక్కుతుందా అన్నది ఈ ఏటి పరీక్ష. అత్తమ్మ ఈసారి రాలేదు. ఫోనులో బతుకమ్మ చూపిస్తే పూలు ఏ వేళకు కోశావని అడిగారు. ఈగలు లేచాకే అని చెప్పాను.